ఏడు గిన్నెల లెక్క

"తమ్మీ, పని మంచిగనే అయింది. సేటు పైసలు గూడ ఇచ్చిండు. మరి మనకు మిగలాల్సినయి యాడ పోయినయ్?"

బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్డు పక్క గల్లీలో ఒక కాకా నన్నడిగిన మాట ఇది. కాకా ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. ఆయన దగ్గర ఎనిమిది మంది పనిచేస్తారు. నేను ఆ చుట్టుపక్కల చిన్న కాంట్రాక్టర్ల లెక్కలు రాస్తుంటాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. బిల్లులున్నాయి. పగారు పుస్తకం ఉంది. బ్యాంకు కాగితం ఉంది. మొత్తం ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చెప్పగలను. ఎక్కడ పోయిందో చెప్పలేను.

ఆ 'ఎక్కడ' గురించే ఈ పూట మాట్లాడతాను.

ఫాక్‌లాండ్ రోడ్డుకు ఇప్పుడు పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు. లావణీలు కట్టిన కవి పేరు అది. 1848 నుంచి 1853 దాకా బొంబాయికి గవర్నరుగా ఉన్న దొర పేరు పోయి, తమాషా కవి పేరు వచ్చింది. అయినా మన చాళ్లలో ఎవరినడిగినా ఫాక్‌లాండ్ రోడ్డు అనే అంటారు. ఆ పక్కనే కామాఠిపుర. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి, బొంబాయిలో గోడలు లేపిన తెలుగు కామాఠీల పేరు మీద వెలిసిన పేట. ఊరు కట్టినవాళ్ల పేరు ఊళ్లో ఒక పేటకు నిలవడం అరుదు. అక్కడ నిలిచింది. జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాళోజీ కాలేవార్ వంటి తెలుగువాళ్లున్నారు. కాంట్రాక్టులు మన పేటకు కొత్త కాదు. ఫూలే కూడా కాంట్రాక్టులు చేసినవాడే.

తాతలు ఇటుక పని చేశారు. మనవలలో కొందరు కరెంటు పని పట్టారు. పని మారింది. లెక్క రాసే తీరు మాత్రం చాలామంది దగ్గర మారలేదు. ఒక పుస్తకం. ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది. తాతకు అది సరిపోయింది. ఒక్క గోడ, ఒక్క గుంపు, ఒక్క సేటు. సాయంత్రానికి గోడ ఎంత లేచిందో కంటికి కనిపించేది. కరెంటు పని అలా కాదు. పైపు గోడలోకి పోతుంది. వైరు పైపులోకి పోతుంది. పైన ప్లాస్టరు పడుతుంది. పడ్డ కష్టమంతా గోడ మింగేస్తుంది. పైగా కాకాకు ఒకే వారంలో మూడు చోట్ల పని. ఒకటి పాత చాల్‌లో ఖోలీ, అంటే ఒంటి గది. ఒకటి కొత్త టవర్‌లో ఫ్లాట్. ఒకటి దుకాణం. ఆ మూడింటి డబ్బూ ఒకే జేబులోంచి పోతుంది. ఏది ఎంత తిన్నదో తెలిసేదెట్లా?

ఇప్పుడు ఒక్కసారి మీ వంటింట్లోకి రండి. పోపుల డబ్బా తెరవండి. గుండ్రటి డబ్బా. లోపల ఏడు చిన్న గిన్నెలు. ఆవాలు ఒకదాంట్లో, జీలకర్ర ఒకదాంట్లో, పసుపు ఒకదాంట్లో. అమ్మ చూడకుండానే చెయ్యి పెడుతుంది. సరైన గిన్నెలోనే పెడుతుంది. జీలకర్ర అయిపోతే చూపుతోనే తెలుస్తుంది. ఆ ఏడూ కలిపి ఒక సీసాలో పోశారనుకోండి. సీసా సగానికి దిగిందని తెలుస్తుంది. ఏది తగ్గిందో తెలియదు.

కాకా పుస్తకం అప్పుడు ఆ కలిపిన సీసా. మేం దానికి గిన్నెలు పెట్టాం. ఆ గిన్నెలనే లెక్కల భాషలో జాబ్ కాస్ట్ కోడ్ అంటారు. పేరుకు బెదరకండి. ఖర్చయిన ప్రతి రూపాయికీ రెండు అంకెలు రాయడం, అంతే. ఏ పని కోసం? ఆ పనిలో ఏ పని కోసం? మళ్లీ చెబుతున్నాను. ఏ పని కోసం, ఆ పనిలో ఏ పని కోసం.

మొదటి అంకె తేలిక. వచ్చిన ప్రతి కాంట్రాక్టుకూ ఒక నంబరు. ఫ్లాట్ పధ్నాలుగు. దుకాణం పదిహేను. ఖోలీ పదహారు. చిన్నదైనా నంబరు ఇవ్వాల్సిందే. ఫ్యాను మార్చే పనికి నంబరు ఎందుకని కాకా మొదట అన్నాడు. అలాంటి చిన్న పనులన్నిటికీ కలిపి నెలకు ఒక నంబరు పెట్టాం. దానికి కాకా ఒప్పుకున్నాడు.

రెండో అంకెలోనే అసలు సంగతి ఉంది. పని ఎలా నడుస్తుందో అలాగే నడవాలి ఆ అంకె. ఒక ఇల్లు తీసుకోండి. ముందు కొలతలు తీస్తాం, సామాను పైకి మోస్తాం, తాత్కాలికంగా లైను తీస్తాం. దానికి పది. తర్వాత గోడ కొట్టి పైపు వేస్తాం, స్విచ్ డబ్బాలు కూర్చోబెడతాం. దానికి ఇరవై. ఆ పైపుల్లోంచి వైరు లాగుతాం. ముప్పై. స్విచ్‌లు, ఫ్యాన్లు, లైట్లు బిగిస్తాం. నలభై. చివరకు మెయిన్, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ), ఎర్తింగ్, పరీక్ష. యాభై. చూశారా, పని వరసే అంకెల వరస. గోడ దగ్గర నిలబడ్డ కుర్రవాడు తన చేతిలో ఏముందో చూసుకుంటే చాలు. గోడ కొట్టే మిషను చేతిలో ఉంటే ఇరవై. వైరు చుట్ట ఉంటే ముప్పై.

ఇవి అయిదు గిన్నెలు. ఇంకా రెండున్నాయి. నా మటుకు నాకు ఈ రెండే ముఖ్యం. ఒకటి ఎనభై. యజమాని మనసు మార్చుకుంటే చేసే పని. మంచం ఈ పక్కకు కాదు, ఆ పక్కకు అంటాడు. స్విచ్‌బోర్డు జరపాలి. అది ఎనభై. రెండోది తొంభై. ఒకసారి చేసింది మళ్లీ చేయడం. టైల్స్ వేసేవాళ్లు పైపు పగలగొట్టారు, మనవాళ్లే తప్పు వైరు లాగారు, ఏదైనా సరే. అది తొంభై.

మొత్తం ఏడు గిన్నెలు. యాభైకీ ఎనభైకీ మధ్య అరవై, డెబ్బై ఎందుకు వదిలామని అడగొచ్చు. రేపు కాకా సీసీ కెమెరాల పని మొదలుపెడితే దానికొక గిన్నె కావాలి కదా! జాగా ముందే ఉంచితే పాత అంకెలు కదిలించే పని ఉండదు.

ఆ అంకెలో చివరి సున్నాను కూడా ఊరికే వదల్లేదు. మనిషి కష్టానికి ఒకటి. సామానుకు రెండు. అద్దె, టెంపో వంటి వాటికి మూడు. అంటే ఇరవై ఒకటి అంటే పైపు పనికి కూలి. ఇరవై రెండు అంటే పైపు పనికి సామాను. ముప్పై ఒకటి, వైరు లాగిన కూలి. ముప్పై రెండు, వైరు. రెండు రోజుల్లో నోటికొచ్చేస్తాయి.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇంకొకరు చేయకూడదని చెబుతున్నాను. మొదటిసారి నేను పెట్టింది ఏడు కాదు. ఎనభై నాలుగు. హాలు లైటుకు ఒకటి, వంటింటి లైటుకు ఒకటి, గీజరుకు ఒకటి, ఏసీకి ఒకటి. కాగితం మీద చూస్తే చాలా ముచ్చటగా ఉంది. పనివాళ్లకు ఇచ్చాను. నెల తర్వాత చూస్తే దాదాపు అంతా ఒకే అంకె కింద ఉంది. 'ఇతరాలు' అని చివర పెట్టిన అంకె కింద. పొద్దంతా గోడ కొట్టి, కళ్లలో దుమ్ము పడ్డ మనిషి, సాయంత్రం ఎనభై నాలుగు అంకెల్లో ఒకటి వెతకడు. వెతకాలని నేననుకోవడమే తప్పు. ఒక నెల లెక్క అలా పోయింది. కాకా ఏమీ అనలేదు. అది నన్ను ఇంకా బాధపెట్టింది.

అందుకే ఇప్పుడు 'ఇతరాలు' అనే గిన్నె లేదు. అది పెడితే అన్నీ అందులోకే పోతాయి.

అమెరికాలో, కెనడాలో నిర్మాణ పనులకు మాస్టర్‌ఫార్మాట్ అని పెద్ద అంకెల పద్ధతి ఉంది. ఒకప్పుడు అందులో 16 భాగాలు. కరెంటు పని 16వది. 2004లో భాగాలను 50కి పెంచారు. కరెంటు పని 26కు మారింది. మధ్యలో చాలా అంకెలు ఖాళీగా ఉంచారు, మనం అరవై, డెబ్బై ఉంచినట్టే. మన ప్రభుత్వ పనుల శాఖల రేట్ల పుస్తకాల్లోనూ ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది. ఆస్పత్రులు, విమానాశ్రయాలు కట్టేవాళ్లకు అవి కావాలి. ఎనిమిది మందితో పనిచేసే కాకాకు ఏడు చాలు.

సరే, గిన్నెలు పెట్టాం. వాటితో ఏం తెలిసింది? ఒక లెక్క చెబుతాను. అంకెలు చెవికి పట్టేలా గుండ్రం చేసి చెబుతున్నాను. ఒక ఫ్లాట్. 60 పాయింట్లు, అంటే లైటుకో ఫ్యానుకో ప్లగ్గుకో కరెంటు తీసే చోట్లు. పాయింటుకు 900 రూపాయల చొప్పున, సామానుతో కలిపి, 54,000కు ఒప్పుకున్నాం. సామానుకు 22,000 అనుకున్నాం. కూలికి 26 రోజులు అనుకున్నాం. ఒక మనిషి ఒక రోజుకు, చాయ్, రైలు పాసుతో కలిపి, వెయ్యి రూపాయలు పడుతుందనుకుందాం. అంటే 26,000. రెండూ కలిపితే 48,000. మిగలాల్సింది 6,000.

పని అయ్యాక చూస్తే కూలి 31 రోజులైంది. 5,000 ఎక్కువ. మిగిలింది వెయ్యి. పాత పుస్తకమైతే ఏం చెప్పేది? లేబరు ఎక్కువైంది. అప్పుడు కాకా ఏం చేసేవాడు? పనివాళ్ల మీద అరిచేవాడు. బీడీలు కాలుస్తూ కూర్చున్నారా అనేవాడు. వాళ్లు నొచ్చుకునేవాళ్లు. వచ్చే పనికి ఒకడు రాకుండా ఖాడా కొట్టేవాడు.

గిన్నెలు విప్పి చూశాం. పైపు పనికి 12 రోజులు అనుకున్నాం, 12 అయ్యాయి. వైరుకు 8 అనుకున్నాం, 8 అయ్యాయి. మిగతా వాటికి 6 అనుకున్నాం, 6 అయ్యాయి. పనివాళ్లు ఒక్క పూట కూడా వృథా చేయలేదు. ఆ 5 రోజులు ఎక్కడున్నాయి? ఎనభైలో 2, తొంభైలో 3. యజమాని స్విచ్‌బోర్డు జరిపించింది 2 రోజులు. దానికి మనం డబ్బు అడగనే లేదు. టైల్స్ వాళ్లు పగలగొట్టిన పైపులు మళ్లీ వేసింది 3 రోజులు. అదీ ఎవరినీ అడగలేదు.

కాకా ఆ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు. "పోరగాళ్లను ఎన్నిసార్లు తిట్టిన్నో తమ్మీ, ఇన్నేండ్ల సంది."

లెక్క అంటే డబ్బు దాచుకునే సంగతే అనుకుంటాం. కాకా ఆ మాట అన్నాక నేను అలా అనుకోలేకపోయాను. లెక్క తెలియక తిట్లు తిన్నది ఆ ఎనిమిది మంది.

ఇక అసలు షరతు చెబుతాను. కొటేషన్ ఏ అంకెల్లో రాశారో, ఖర్చు కూడా అవే అంకెల్లో రాయాలి. కొటేషన్ ఒక తీరున, ఖర్చు ఇంకో తీరున రాస్తే పక్కపక్కన పెట్టి చూడలేం. పెళ్లికి వంటవాళ్లకు బియ్యం శేర్లలో చెప్పి, కొట్టువాడి దగ్గర కిలోల్లో కొంటే ఎంత తక్కువైందో ఎలా తెలుస్తుంది? కొటేషన్‌లో ఏ అంకెలో, ఖర్చులో అదే అంకె. సేటుకు పాయింటు రేటు చెప్పండి, తప్పులేదు. మీ పుస్తకంలో మాత్రం ఆ 54,000ను గిన్నెల్లోకి విడగొట్టి రాసుకోండి. పని మొదలయ్యే ముందే రాసుకోండి.

పనివాళ్ల లెక్క ఎలా పట్టాలన్నది రోజూ వచ్చే చిక్కు. గంటలు అడగొద్దు. అడిగితే మనసుకు తోచింది చెబుతారు. పూటలు అడగండి. పొద్దున పూట ఎక్కడ, మధ్యాహ్నం పూట ఎక్కడ. కాకా దగ్గర ఒక చిన్న జేబు పుస్తకం ఉంది. రాయడం రానివాళ్లు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు. "పధ్నాలుగు, పొద్దున ఇరవై, పగటాల ముప్పై." అంతే. అది ఆ సాయంత్రమే రావాలి. శనివారం పగారు ఇచ్చేటప్పుడు వారమంతా గుర్తుచేసుకోమంటే ఎవరికీ గుర్తుండదు. పగారు పుస్తకంలో హాజరు వేసేటప్పుడే పక్కన అంకె పడాలి.

సామాను సంగతి లోహార్ చాల్‌లో తేలాలి. మన కాంట్రాక్టర్లు స్విచ్‌లకు, వైర్లకు అక్కడికే వెళ్తారు. మూడు పనుల సామాను ఒకే బిల్లు మీద తెస్తారు. ఆ బిల్లు జేబులో మడత పడి, చెమటకు తడిసి, పది రోజులకు నా దగ్గరికి వస్తుంది. అప్పటికి ఏ చుట్ట ఏ ఇంటికి పోయిందో దేవుడికే తెలియాలి. కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడే బిల్లు వెనక పెన్నుతో రాయాలి. లేదా మూడు పనులకు మూడు బిల్లులు కొట్టించాలి. దుకాణంవాడు కసురుకుంటే కసురుకోనివ్వండి. ట్యాలీ వాడేవాళ్లకు అందులో కాస్ట్ సెంటర్ అని ఉంటుంది. ఈ అంకెలు అక్కడ పెట్టుకోవచ్చు. కానీ బిల్లు వెనక అంకె లేకపోతే ట్యాలీ ఏం చేస్తుంది? ఇంకో మాట. మీరు జీఎస్టీ కట్టేవాళ్లైతే, సామాను మీద కట్టి మళ్లీ వెనక్కి తీసుకునే పన్నును పని ఖర్చులో కలపొద్దు. అది మీ ఖర్చు కాదు.

మిగిలిన వైరు గురించి చెప్పకపోతే ఈ మాటలు సగమే. చుట్ట 90 మీటర్లు. పధ్నాలుగో పనికి 60 మీటర్లు పట్టింది. 30 మిగిలింది. అది కాకా ఖోలీలో అటక ఎక్కింది. నెల తర్వాత పదహారో పనికి దిగింది. పుస్తకంలో మాత్రం 90 మీటర్లూ పధ్నాలుగు మీదే ఉంది. పధ్నాలుగులో నష్టం కనిపిస్తుంది. పదహారులో లేని లాభం కనిపిస్తుంది. ఆ లాభం చూసి, అలాంటి ఖోలీ పనులు తక్కువకు ఒప్పుకుంటాం. పక్కింట్లోంచి గిన్నెడు చక్కెర తెస్తే గుర్తుపెట్టుకుని తిరిగిస్తాం కదా. పనికీ పనికీ మధ్య కూడా ఆ చేబదులు రాయాలి. పధ్నాలుగు నుంచి పదహారుకు, ముప్పై రెండు, 30 మీటర్లు. ఒక్క లైను.

ఈ అంకెలు పని అయిపోయాక చూసేవి మాత్రమే కాదు. మధ్యలో చూడండి. పైపు పనికి 12 రోజులు అనుకున్నాం. 8 రోజులు అయిపోయాయి. ఎంత అయిందని అడిగితే సగం గోడలు అన్నారు. సగానికి 8 అయితే మొత్తానికి 16. నాలుగు రోజులు మించుతుంది. ఇది ఈ రోజే తెలిసింది, ఇంకా సగం గోడలు ఉండగానే. వెళ్లి చూస్తే ఆ కట్టడం పాతది, గోడ మందం, మిషను మొండి. బ్లేడు మార్చొచ్చు. యజమానిని ఒప్పించి కొన్నిచోట్ల గోడ కొట్టకుండా పైనుంచే పట్టీ వేయొచ్చు. పని ముగిశాక తెలిస్తే ఏమీ చేయలేం.

పాత చాల్, కొత్త టవర్ ఒకటి కాదన్నది అందరికీ తెలుసు. ఎంత తేడా అన్నది చాలామందికి తెలియదు. కొత్త టవర్‌లో స్లాబు పోసేముందే పైపులు పరిచేస్తారు. పాత చాల్‌లో ప్రతి అడుగూ గోడతో కుస్తీ. లిఫ్టు ఉండదు, సామాను భుజాన మోయాలి. ఒకప్పుడు ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఖోలీలో ఇప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మిషన్, కొందరికి ఏసీ. లావు వైరు కావాలి, వేరే సర్క్యూట్ కావాలి. 60 పాయింట్లకు పైపు పని 12 రోజులంటే, మనిషి రోజుకు 5 పాయింట్లు వేశాడన్నమాట. అదే చాల్‌లో రోజుకు ఎన్ని వేస్తున్నాడు? మూడా, నాలుగా? మీ పుస్తకంలోని ఇరవై ఒకటో అంకె అది చెబుతుంది. పక్కవాడి రేటు చూసి ఒప్పుకోవడం కన్నా మీ మనుషుల చేతి వేగం చూసి ఒప్పుకోవడం నయం. కామాఠిపుర గల్లీలు కూల్చి కొత్తగా కట్టే మాటలు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా నడుస్తున్న ఈ రోజుల్లో, రేపు పెద్ద కట్టడాల్లో పని అడగాలంటే మనవాళ్ల చేతిలో ఈ అంకెలు ఉండాలని నా కోరిక.

చివరగా, ఏ ఒక్క పనికీ చెందని ఖర్చు. సామాను పెట్టుకునే ఖోలీ అద్దె, ఫోను, లైసెన్సు ఖర్చు, నాకిచ్చే జీతం కూడా. వీటిని పధ్నాలుగు మీదో పదిహేను మీదో తోయొద్దు. దీనికి పని నంబరు సున్నా పెట్టండి. ఏడాదికి అది 3 లక్షలు అనుకుందాం. ఏడాదిలో మీ మనుషులందరూ కలిసి 1,500 రోజులు పనిచేశారనుకుందాం. రోజుకు 200 పడింది. కొటేషన్ వేసేటప్పుడు ప్రతి మనిషి రోజుకూ ఆ 200 కలపండి. పైన చెప్పిన 26 రోజుల పనికి అది 5,200. మిగులుతుందనుకున్న 6,000లో ఎంత నిజంగా మిగిలినట్టు? 800. కాకా పాయింటు రేటు పెంచింది ఈ లెక్క చూశాకే.

పోయిన నెల నేను కాకా దగ్గర కూర్చుని ఉన్నాను. ఫోను మోగింది. టవర్‌లో పనిచేస్తున్న కుర్రవాడు. స్పీకరులో పెట్టాడు కాకా.

"కాకా, సేటు వచ్చిండు. టీవీ పాయింటు ఈ గోడకు కాదంటుండు, ఎదురు గోడకు మార్చమంటుండు. ఇది ఎనభై గదా?"

"ఎనభయ్యే. మిషను పక్కన పెట్టు. ముందుగాల సేటుతోని కాయితం మీద రాపిచ్చుకో. గప్పుడు కొట్టు."